బల్ల మీదనా, కంప్యూటర్‌లోనా: స్క్వాడ్ స్థాయి యుద్ధ ఆటలు, ఏళ్ల వాడకం తర్వాత

తీర్పు ముందే చెప్పేస్తా. నల్లగొండలోనో పాలమూరులోనో ఉండి, నెలకు రెండు ఆదివారాలన్నా ఎదురుగా కూర్చునే దోస్తు ఒక్కడు ఖాయంగా ఉంటే బల్ల ఆట కొనండి. లేకపోతే ఆ డబ్బు కంప్యూటర్ ఆట మీద పెట్టండి. ధర, బొమ్మల అందం, పేరు ప్రతిష్ఠ అన్నీ తర్వాతి ముచ్చట. నేను చెప్పేది రెండో ప్రపంచ యుద్ధపు స్క్వాడ్ స్థాయి ఆటల గురించే, అంటే చిన్న చిన్న సైనిక జట్లను కదిపేవి. దేశాలకు దేశాలు కదిపే పెద్ద ఆటల లెక్క వేరు.

అసలు తేడా ఒక్కటే: రూలును ఎవరు నడిపిస్తారు? బల్ల మీద మనమే నడపాలి, అందుకే అది ఒంటబడుతుంది. అడ్వాన్స్‌డ్ స్క్వాడ్ లీడర్ స్టార్టర్ కిట్ 1 అనే బల్ల ఆటను ఉదాహరణగా తీసుకోండి. జర్మన్ స్క్వాడ్ బిళ్ల మీద 4-6-7 అని ఉంటుంది: కాల్పుల బలం 4, దూరం 6 గడులు, ధైర్యం 7. ధైర్య పరీక్షలో రెండు పాచికలు కలిపి 7 గానీ అంతకు తక్కువ గానీ పడాలి. 36లో 21 సార్లు, అంటే 58 శాతం. అదే ధైర్యం 8 ఉన్న స్క్వాడ్‌కు 72 శాతం. ఒక్క అంకె తేడాకు ఇంత ఫలితం ఉందని పాచికలు చేత్తో వేసినవాళ్లకు తొందరగా అర్థమవుతుంది. అట్లనే బయలు నేలలో పరుగెత్తే స్క్వాడ్ మీద కాల్పులకు పాచికల మొత్తంలోంచి 2 తగ్గుతుంది, రాతి ఇంట్లో ఉన్నవాడి మీదైతే 3 పెరుగుతుంది (మొత్తం తగ్గితే కాల్చేవాడికే లాభం). మధ్య తేడా 5. ఆ తేడా తెలిశాక వీధి దాటే ముందు ఎవరైనా ఆగి ఆలోచిస్తారు.

ఇగ బల్ల మీద చెడేవి. మొదటిది డీఎం (డెస్పరేషన్ మొరేల్) మార్కర్ మరిచిపోవడం. స్క్వాడ్ విరగగానే, అంటే ధైర్యం చెడి చెదరగానే, దాని మీద ఆ మార్కర్ పెట్టాలి. అది ఉన్నంతసేపు కోలుకునే పాచికకు 4 కలుస్తుంది. విరిగిన వైపు ధైర్యం 7 ఉంటే, ఇతర కలుపుళ్లు ఏమీ లేకపోతే, కోలుకునే అవకాశం 8 శాతమే. మార్కర్ మరిస్తే అదే 58 శాతం. కొత్తగా ఆడేవాళ్లు "ఈ ఆటలో ఎవడూ చావడు" అంటే ముందు ఇదే చూసుకోవాలి. ఒక్కో వంతులో ఎనిమిది దశలున్నాయి. దశల కాయిదం ఇద్దరి ముందూ చెరొకటి ఉండాలి.

రెండోది చూపు రేఖ, అంటే కాల్చేవాడికి ఎదుటివాడు కనబడుతున్నాడా అనేది. గడి నడిమి చుక్క నుంచి నడిమి చుక్కకు దారం లాగి చూస్తాం. ఇల్లు ఉన్న గడి మొత్తం అడ్డు కాదు, పటం మీద గీసిన ఇంటి బొమ్మే అడ్డు. సుతిలి లాంటి మందం దారంతో లాగితే కొట్లాట తప్పదు, నల్ల కుట్టుదారం వాడండి. కాలుస్తున్నానని చెప్పాకనే దారం లాగాలి, ముందే కొలిచి చూసుకోవడం కుదరదు.

మూడోది మన ఇండ్లకే ప్రత్యేకం: సీలింగ్ ఫ్యాను. అర అంగుళం బిళ్లలు మామూలుగా ఎగరవు, కానీ నాలుగైదు దొంతిగా పేరిస్తే ఒరుగుతాయి. పేపర్ పటమైతే అంచులు లేస్తాయి. అద్దాల షాపులో 2 మిల్లీమీటర్ల అక్రిలిక్ షీటు కోయించి మీద పరిస్తే ఆ బాధ తీరుతుంది. ఒక్కో పటం 8 అంగుళాల వెడల్పు, 22 అంగుళాల పొడవు కాబట్టి రెండు పటాలకు 24కు 18 షీటు చాలు. బిళ్లల మూలలు నెయిల్ కట్టర్‌తో సన్నగా కత్తిరిస్తే దొంతులు చిక్కుకోవు.

పిల్లలతోనో కొత్తవాళ్లతోనో అయితే 2004లో వచ్చిన మెమ్వార్ 44 మేలు. పదాతి దళం పక్క గడిలోకి 3 పాచికలు, రెండో గడికి 2, మూడో గడికి 1 వేస్తుంది. పదాతి మీద ఒక్కో పాచికకు తగిలే అవకాశం సగం, ట్యాంకు మీద మూడింట ఒకటి. అడవిలో ఉన్నవాడి మీద పదాతికి ఒక పాచిక, ట్యాంకుకు రెండు తగ్గుతాయి. గంటలో ఒడుస్తుంది. నాకు నచ్చనిది కార్డుల పద్ధతి: చేతిలో ఎడమ వైపు సైన్యాన్ని కదిపే కార్డు లేకపోతే ఆ వైపు సైన్యం కొయ్యబారిపోతుంది.

కొనకుండా మొదలుపెట్టాలంటే, ముద్రించుకునే ఆటగా ఉచితంగా మొదలైన వాలర్ అండ్ విక్టరీ ఉంది. జిరాక్స్ షాపులో జాగ్రత్త. అమెరికా ఫైళ్లు లెటర్ సైజులో ఉంటాయి, వెడల్పు 216 మిల్లీమీటర్లు. మన ఏ4 210 మాత్రమే. షాపువాళ్లు అలవాటుగా "ఫిట్ టు పేజ్" కొడితే బిళ్లలూ గడులూ చిన్నవై ఒకదానికొకటి పొసగకపోవచ్చు. "హండ్రెడ్ పర్సెంట్ సైజు, లేదంటే ఏ3 మీద" అని గట్టిగా చెప్పండి. స్టిక్కర్ పేపర్ మీద ముద్రించి 1.5 మిల్లీమీటర్ల అట్టకు అంటించండి. ఫెవికాల్ తడికి అట్ట వంగుతుంది, ముసురు రోజుల్లో మరీను. స్టీలు స్కేలు పెట్టి, కట్టర్‌తో ఒకే బలమైన గీతకు బదులు నాలుగైదు తేలికైన గీతలు గీయండి. పటం మాత్రం ఫ్లెక్సీ మీద కొట్టించకండి. మెరుపుకు చూపు రేఖ కనబడదు.

ఈ వాలర్ అండ్ విక్టరీయే 2021లో కంప్యూటర్‌కూ వచ్చింది, కాబట్టి పోలిక సులువు. లెక్కలన్నీ కంప్యూటరే వేసేస్తుంది, సర్దడం, తీయడం ఉండవు. కానీ ఓడినప్పుడు ఎందుకు ఓడామో తెలియడానికి ఆట చూపే లెక్కను ప్రతిసారీ చదవాలి, చాలామంది చదవరు.

కంప్యూటర్ నిజంగా గెలిచేది దాపరికంలో. స్టార్టర్ కిట్ 1లో పులిజూదంలో లాగే ఎదుటివాడి బిళ్లలన్నీ కళ్లముందే ఉంటాయి. కంబాట్ మిషన్ అనే కంప్యూటర్ ఆటలో మన ఒక దళానికి కనబడిన శత్రువు పక్క దళానికి కనబడకపోవచ్చు. ఇద్దరూ ఆజ్ఞలు ముందే ఇస్తారు, తర్వాత 60 సెకన్ల పాటు రెండు పక్షాలూ ఒక్కసారే కదులుతాయి. ఇక్కడ చేసే తప్పు అందరినీ "ఫాస్ట్"తో పరిగెత్తించడం. అలసిపోయి గుడ్డిగా ఎదురుకాల్పుల్లో పడతారు. స్క్వాడ్ నుంచి ఇద్దరిని విడదీసి ముందు "హంట్" ఆజ్ఞతో పంపండి, శత్రువు కనబడగానే ఆగుతారు. విడి గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో పెద్ద పటాలు తడబడతాయి, మే నెల ఎండలకు ఇంకా ఎక్కువ. ముందు ఉచిత డెమో వేసి చూడండి.

పాత ల్యాప్‌టాప్ ఉంటే విన్‌ఎస్‌పీడబ్ల్యూడబ్ల్యూ2 అనే కంప్యూటర్ ఆట ఉచితం. గడి 50 మీటర్లు, బొమ్మలు 1990ల నాటి తరహావే, లోతు మాత్రం మస్తు. దీని కృత్రిమ ప్రత్యర్థి కాచుకోవడంలో పర్వాలేదు, దాడికి మాత్రం దళాలను ఒక్కొక్కటిగా పంపి పోగొట్టుకుంటుంది. అందుకే ఒంటరిగా ఆడేటప్పుడు మీరే దాడి పక్షం తీసుకోండి.

దోస్తు హైదరాబాద్‌లోనో దుబాయ్‌లోనో ఉంటే నడిమి దారి వాస్సల్ అనే సాఫ్ట్‌వేర్. ఉచితం, బల్ల ఆటనే తెర మీద ఆడతాం. స్క్వాడ్ లీడర్ మాడ్యూల్‌లో చూపు రేఖ ఎక్కడ తెగిందో అదే చూపిస్తుంది, దారం కొట్లాట పోతుంది. రూలు మాత్రం మీరే నడపాలి, డీఎం మార్కర్‌తో సహా. ఒక్కో వంతును లాగ్ ఫైలుగా దాచి మెయిల్‌లో పంపుకోవచ్చు, కరెంటు ఎప్పుడుంటే అప్పుడు.

విదేశం నుంచి డబ్బా తెప్పించే ముందు కొరియర్, కస్టమ్స్ కలిపి లెక్కేసుకోండి; చిన్న ఆటలకు ఆ ఖర్చే ఆట ధరను అందుకునే సందర్భాలుంటాయి. అడ్వాన్స్‌డ్ స్క్వాడ్ లీడర్ పెద్ద రూల్‌బుక్ మాత్రం మొదటే కొనకండి. స్టార్టర్ కిట్‌లోని ఆరు పోరాటాలూ రెండు పక్షాల నుంచీ ఆడి, దశల కాయిదం చూడకుండా వంతు నడపగలిగితే అప్పుడు చూద్దురు.