మా అత్తయ్యకు వచ్చిన కానుకలు: ఏళ్ల తరబడి వాడాక ఏవి నిలిచాయి?

మా అత్తయ్యకు అల్జీమర్స్ అని తెలిసినప్పటి నుంచీ ఇంటికి వచ్చే చుట్టాలు ఫోన్ చేసి ముందుగా అడిగే మాట, "పెద్దావిడకి ఏం తెమ్మంటావు?" అని. అడగకుండా తెచ్చినవీ బోలెడు. తెనాలిలో మా దగ్గరే ఉంటున్నారు కాబట్టి వాటిలో ఏది అటకెక్కిందో, ఏది రోజూ వాడకంలో ఉందో నాకు తెలుసు. 2023లో వచ్చిన లాసి-డాడ్ అనే దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా, అంటే అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బు ఉంది. ఇలాంటి పెద్దవాళ్లున్న ఇంటికి వెళ్లేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

కానుక తెచ్చేవాళ్లు ముందు చూడాల్సింది, దాన్ని వాడాలంటే ఆవిడ కొత్తగా ఏమైనా నేర్చుకోవాలా అని. నేర్చుకోవాలంటే వద్దు. ఈ జబ్బులో ముందు పోయేవి నిన్నమొన్నటి సంగతులు, కొత్తవి పట్టుకునే శక్తి. చిన్నప్పటి నుంచి చేతులకు అలవాటైన పనులు, వయసులో విన్న పాటలు మాత్రం చాలాకాలం ఉంటాయి.

నేను అన్నిటికంటే ఎక్కువ మార్కులు వేసేది పత్తికి. ఒక కార్తీకమాసం ముందు మా ఆడపడుచు పత్తి కట్టా, చిన్న విభూతి డబ్బా తెచ్చి వాళ్లమ్మ ముందు పెట్టింది. ఏమీ చెప్పలేదు. అప్పటికి ఆవిడకి మా పేర్లు తడబడుతున్నాయి, అన్నం తిన్నారో లేదో గుర్తుండటం లేదు. పత్తి చూడగానే కొంచెం పీకి, విడదీసి, అందులో ఉన్న గింజ నలుసును గోటితో తీసి పక్కన పెట్టారు. వేళ్లకు విభూతి అద్దుకుని అరచేతిలో ఒక్కసారి నులిమితే వత్తి వచ్చేసింది. అన్నీ ఒకే పొడవు! "నీకు చేతనవునా? ఇటు కూర్చో" అని నాకు నేర్పారు కూడా. చాన్నాళ్ల తర్వాత ఆవిడ ఇంకొకరికి చెప్పే మనిషయ్యారు. అదే నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించింది. చేసినవి దగ్గర్లోని రామాలయానికి పంపుతాం. "మీ వత్తులతోనే దీపాలు పెట్టారు అత్తయ్యా" అని చెప్తే ముఖం విప్పారుతుంది.

ఒక్క జాగ్రత్త. జబ్బు ముదిరేకొద్దీ చేతిలో ఉన్నది నోట్లో పెట్టుకోవడం మొదలవుతుంది. ఇప్పుడు పక్కన మనిషి లేకుండా పత్తి ఇవ్వం. పూసలు, బొత్తాలు, చిక్కుడు గింజల్లాంటివి అసలే వద్దు. మడత పెట్టడానికి తువ్వాళ్లు ఇస్తే ఆ భయం లేదు.

రెండోది పాటల రేడియో. పాత సినిమా పాటలు ముందే నింపి అమ్ముతారే, అది. మా మరిది కొనిచ్చాడు. ఘంటసాల, సుశీల గొంతులు వింటే ఆవిడ పెదాలు కదులుతాయి. మాట కోసం వెతుక్కునే మనిషి చరణాలకు చరణాలు పాడేస్తారు. సాయంత్రమయ్యేసరికి "మా ఇంటికి పోతాను, మా అమ్మ ఎదురుచూస్తుంది" అని గుమ్మం దగ్గరికి వెళ్లిపోయే రోజులు మాకు చాలా టెన్షన్‌గా గడిచాయి. చీకటి పడకముందే లైట్లు వేసి పాటలు పెడితే ఆ కంగారు తగ్గింది. పూర్తిగా పోలేదు, తగ్గింది. గంటల తరబడి మోగిస్తే మాత్రం చిరాకు పడతారు. అరగంట చాలు.

దాని లోపాలూ చెప్పాలి. బటన్లు ఎక్కువ, అక్షరాలు చిన్నవి. ఏదో ఒకటి నొక్కితే ఎఫ్ఎంలోకి పోయి గరగరమంటుంది, ఆ శబ్దానికి ఆవిడ బెదిరిపోతారు. అక్కర్లేని బటన్ల మీద టేపు అంటించి, ఆన్ చేసే దానికి ఎర్ర స్టిక్కర్ పెట్టాం. కొన్నాళ్లకు బ్యాటరీ కూడా నీరసించింది, ఇప్పుడు ప్లగ్గు పెట్టే వాడుతున్నాం. అయినా మళ్లీ కొంటాను.

అటకెక్కిన వాటిలో మొదటిది డిజిటల్ ఫొటో ఫ్రేమ్. కాసేపటికోసారి బొమ్మ మారేసరికి గదిలో ఎవరో వచ్చి పోతున్నారని ఆవిడకి భయం. దాని బదులు కాగితం ఆల్బమ్ చేయించండి. పేజీకి ఒకటే పెద్ద ఫొటో, కింద లావు అక్షరాల్లో పేరు, వరస. మనవల పుట్టినరోజు ఫొటోల కంటే వాళ్ల నాన్నగారి ఇల్లు, అరుగు, అక్కచెల్లెళ్లు ఉన్న నలుపు తెలుపు ఫొటోల దగ్గరే ఆవిడ ఎక్కువసేపు ఆగుతారు. చూపించేటప్పుడు "ఇదెవరో చెప్పుకో" అని పరీక్ష పెట్టకండి. "ఇది మీ చెల్లెలు కదా, ఎంత బాగుందో" అంటే చాలు, మిగతాది వస్తే ఆవిడే చెప్తారు.

బట్టల్లో అందరూ నైటీలే తెస్తారు. జీవితమంతా చీర కట్టిన మనిషి నైటీతో హాల్లోకి రావడానికి సిగ్గుపడి గదిలోనే ఉండిపోయేవారు. కుచ్చిళ్లు ముందే కుట్టి, నడుం దగ్గర వెల్క్రో పెట్టించిన మెత్తటి నూలు చీరలు ఆ సమస్య తీర్చాయి. మామూలు చీర ఇచ్చినా మన టైలర్లు అలా కుట్టి ఇస్తారు. జాకెట్టుకు కూడా హుక్కుల బదులు వెల్క్రో.

తప్పిపోతే ఎక్కడున్నారో తెలియడానికి తెచ్చిన జీపీఎస్ గడియారం మణికట్టు మీద ఒక పూట కూడా ఉంచుకోలేదు, పీకేశారు. గాజు మాత్రం తీయరు. అందుకే వెండి గాజు మీద మా ఫోన్ నంబరు చెక్కించాం. ఒకసారి వీధి చివరిదాకా వెళ్లిపోతే పూలకొట్టు అబ్బాయి అది చూసే ఫోన్ చేశాడు. ఈ ఒక్క వస్తువూ జబ్బు తొలిరోజుల్లోనే చేయించాలి.

కంచం సంగతి చాలామందికి తట్టదు. మెరిసే స్టీలు కంచంలో పెరుగన్నం పెడితే వీళ్లకి సరిగ్గా కనిపించదు. చుట్టూ అంచు ఉన్న ముదురు ఎరుపు కంచంలోకి మార్చాక ఆవిడ మారాం చేయకుండా తింటున్నారు. ముదురు రంగు కంచాల్లో పెడితే రోగులు ఎక్కువ తిన్నారని 2004లో బోస్టన్ పరిశోధకులు కూడా రాశారు. అన్నిటికంటే తక్కువ ఖర్చు ఇదే.

తినేవి తెస్తే జంతికలు, చేగోడీలు, వేరుశనగ ఉండలు వద్దు, గొంతుకు అడ్డం పడతాయి. మెత్తగా పండిన అరటిపళ్లు, షుగర్ లేకపోతే కోవా తేవచ్చు. డబ్బా మాత్రం చూసుకునేవాళ్ల చేతికే ఇవ్వండి, ఎన్ని తిన్నదీ పెద్దావిడకి గుర్తుండదు.

ఏమీ తోచకపోతే రెండు గంటలు వచ్చి కూర్చోండి. ఆ కాసేపట్లో నేను బ్యాంకు పని చూసుకుని తలస్నానం చేసి వస్తాను. పొద్దున పదింటికి రండి, అప్పుడు ఆవిడ హుషారుగా ఉంటారు. సాయంత్రం ఐదు దాటాక వద్దు, నలుగురు కలిసి అసలే వద్దు.