బెంచ్‌ప్రెస్‌లో కుర్రాళ్ల బలం: ఏ లెక్క మేలు?

పర్లాకిమిడిలో నేను నేర్పే ఫుట్‌బాల్ కుర్రాళ్లలో ఇద్దరి మధ్య పోయిన నెల పెద్ద వాదన నడిచింది. ఇద్దరికీ 15 ఏళ్లే. ఒకడు స్టాపర్, అంటే గోల్ ముందు ఎదుటివాళ్లను ఆపేవాడు, 72 కిలోలుంటాడు. బెంచ్‌ప్రెస్‌లో, అంటే బెంచ్ మీద వెల్లకిలా పడుకుని బార్‌ను (బరువులు తగిలించే ఇనుప కడ్డీని) ఛాతీ మీంచి పైకి తోయడంలో, 60 కిలోలు ఎత్తాడు. రెండోవాడు పాతపట్నం నుంచి సైకిల్ తొక్కుకుంటూ వచ్చే వింగర్, అంటే మైదానం అంచున పరుగెత్తి దాడి చేసేవాడు. వాడి బరువు 48, ఎత్తింది 45. "మాస్టారూ, మాలో ఎవడికి బలం ఎక్కువో మీరే చెప్పండి" అని నా దగ్గరికి వచ్చారు. మల్లయోధుడు కోడి రామ్మూర్తి గారు పుట్టిన వీరఘట్టం మాకు ఎంతో దూరం కాదు. బలం మాట వస్తే ఇక్కడి పిల్లలకు రోషం ఎక్కువే. నేను వెంటనే తీర్పు చెప్పలేదు. కొలిచే పద్ధతిని బట్టి గెలిచేవాడు మారిపోతాడు మరి.

జిమ్‌లో అందరికీ తెలిసిన పద్ధతి, ఒక్కసారి ఎంత ఎత్తగలడో చూడటం. లెక్కలు అక్కర్లేదు, మాట సూటిగా ఉంటుంది. కానీ ఈ వయసు పిల్లల దగ్గర ఆ అంకెను నేను నమ్మను. బరువు పెరిగేకొద్దీ నడుము బెంచ్ మీంచి లేస్తుంది, బార్‌ను ఛాతీకేసి కొట్టి పైకి ఎగరేస్తారు, వెనక నిలబడ్డ స్నేహితుడు "నీదే, నీదేరా" అంటూ సగం బరువు తనే లాగుతాడు. ఒకసారి మా కుర్రాడొకడు ఎవరికీ చెప్పకుండా ఒంటరిగా ప్రయత్నించి, బార్ ఛాతీ మీద ఉండగా ఇరుక్కుపోయాడు. పక్కవాళ్లు పరుగెత్తుకొచ్చి ఎత్తారు కాబట్టి సరిపోయింది. ఆ సాయంత్రం నాకు అన్నం సహించలేదు.

బరువులెత్తితే పిల్లలు పొట్టిగా ఉండిపోతారని తల్లిదండ్రులు భయపడుతుంటారు. ఆ భయం అక్కర్లేదు. పెద్దల పర్యవేక్షణలో, సరైన పద్ధతిలో చేస్తే పిల్లలకు ఈ సాధన సురక్షితమేనని అమెరికాలోని పిల్లల డాక్టర్ల సంఘం 2020లో కూడా చెప్పింది. నా అభ్యంతరం వేరే. కొత్తగా మొదలుపెట్టినవాడికి మొదటి కొన్ని వారాల్లో పెరిగే బలంలో ఎక్కువ భాగం కండది కాదు, నరాలు ఆ కదలికకు అలవాటుపడటం వల్ల వచ్చేది. అలాంటివాడి గరిష్ఠ బరువు చూస్తే ఎంత నేర్చుకున్నాడో తెలుస్తుంది తప్ప, ఎంత బలముందో తెలియదు.

రెండో పద్ధతి అమెరికన్ ఫుట్‌బాల్ నుంచి వచ్చింది. అక్కడ ఎన్ఎఫ్ఎల్ అనే ప్రొఫెషనల్ లీగ్ ఎంపిక పరీక్షల్లో అందరికీ ఒకే బరువు, 225 పౌండ్లు, అంటే సుమారు 102 కిలోలు ఇచ్చి, ఎన్నిసార్లు ఎత్తితే అంత గొప్ప అంటారు. 1999లో జస్టిన్ ఎర్నెస్ట్ అనే ఆటగాడు 51 సార్లు ఎత్తాడు. వాళ్లు కాలేజీ ఆట ముగించుకున్న యువకులు, చేతులతో ఎదుటివాణ్ని నెట్టడమే వాళ్లలో చాలామందికి పని. మన ఆటలో చేత్తో తోస్తే ఫౌల్. భుజానికి భుజం ఆనించి నిలబడటానికి, గోల్‌కీపర్‌కు, త్రో-ఇన్ విసిరేవాడికి పైభాగం బలం కొంత పనికొస్తుంది, అంతే. జట్టులోకి తీసుకునేటప్పుడు నేను స్క్వాట్ (భుజాల మీద బరువుతో గుంజీ), 30 మీటర్ల పరుగు ముందు చూస్తాను.

ఈ పద్ధతిలో 102కు బదులు 40 కిలోలు పెట్టినా చిక్కు తీరదు. మా వింగర్‌కు 40 అంటే దాదాపు తన గరిష్ఠం. నాలుగైదు రెప్స్‌కు (ఒక్కోసారి ఎత్తి దించడం ఒక రెప్) ఆగిపోతాడు, అది బలానికి పరీక్ష. స్టాపర్ అదే బరువును పదిహేను దాటించి లాగుతాడు, వాడి విషయంలో అది ఓపికకు పరీక్ష. ఒకే బార్ మీద రెండు వేర్వేరు పరీక్షలు పెట్టి ఒకే జాబితాలో మార్కులేస్తే పిల్లలకు అన్యాయం చేసినట్టే.

నాకు నచ్చింది మూడోది. నాలుగు నుంచి ఆరుసార్ల దాకా మాత్రమే ఎత్తగలిగే బరువు పెట్టించి, దాన్నిబట్టి గరిష్ఠం అంచనా వేయడం. ఎప్లీ సూత్రం సులువు. రెప్స్‌ను 30తో భాగించి, ఒకటి కలిపి, బరువుతో హెచ్చవేయాలి. 50 కిలోలు 5 సార్లు ఎత్తితే గరిష్ఠం సుమారు 58. బ్రిజికీ సూత్రంలో బరువును 36తో హెచ్చవేసి, 37లోంచి రెప్స్ తీసేసిన అంకెతో భాగిస్తారు. దాని ప్రకారం 56 వస్తుంది. పది రెప్స్ దగ్గర రెండూ ఒకటే జవాబిస్తాయి. అది దాటితే మాత్రం నమ్మకూడదు. 40 కిలోలు 20 సార్లు ఎత్తినవాడికి మొదటి సూత్రం 67 అంటుంది, రెండోది 85 అంటుంది. అందుకే నేను ఆరు దాటనివ్వను.

పుషప్స్ సంగతి కూడా అడుగుతారు. ఖేలో ఇండియా బడి పరీక్షల్లో అవి ఉన్నాయి, పైసా ఖర్చు లేదు. చేతుల మీద పడేది ఒంటి బరువులో సుమారు మూడింట రెండు వంతులు. జిమ్ లేని ఊళ్లో అదే మేలు. ముప్ఫై దాటాక మాత్రం అదీ ఓపిక పరీక్షే.

ఇక ఒంటి బరువు సంగతి. ఎత్తిన బరువును ఒంటి బరువుతో భాగిస్తే వింగర్‌కు 0.94, స్టాపర్‌కు 0.83. వింగర్ గెలిచాడు. కానీ ఈ భాగహారం సన్నటివాళ్లకు ఎప్పుడూ కాస్త అనుకూలంగా ఉంటుంది. కండ బలం దాని మందాన్నిబట్టి, అంటే అడ్డంగా కోస్తే కనిపించే వైశాల్యాన్నిబట్టి పెరుగుతుంది. ఒంటి బరువు మొత్తం ఘనపరిమాణాన్నిబట్టి పెరుగుతుంది. మనిషి ఒళ్లు పెద్దదయ్యేకొద్దీ బరువు ముందుకు పోతుంది, బలం వెనకబడుతుంది. దీన్ని సరిచేయడానికి ఒంటి బరువును దానితోనే హెచ్చవేసి, ఘనమూలం తీసి, దాంతో భాగించాలి. 48కి 13.2 వస్తుంది, 72కి 17.3. అలా చూస్తే వింగర్ 3.4, స్టాపర్ 3.5. ఇద్దరూ సమానమనే చెప్పాలి! ఫోన్‌లో ఈ లెక్క చేసి చూపిస్తే ఇద్దరూ చాలాసేపు స్క్రీన్ వైపే చూస్తూ ఉండిపోయారు.

వాళ్లకు నేను చెప్పిన ఇంకో సంగతి ఉంది. మగపిల్లలు వేగంగా పొడవెదిగేది సుమారు 14 ఏళ్లప్పుడు, ఆడపిల్లలు 12 దగ్గర. కొందరికి ఏడాది రెండేళ్లు ముందో వెనకో. కండ పట్టడం పొడవెదిగిన తర్వాతే. మా స్టాపర్‌కు మీసం వచ్చి ఏడాదైంది. వింగర్ గొంతు ఇప్పుడిప్పుడే మారుతోంది. పుట్టినతేదీ సర్టిఫికెట్‌లో ఇద్దరిదీ ఒకే ఏడాది అయినా ఒంటి వయసు ఒకటి కాదు. పైగా పొడవాటి చేతులున్నవాడు అదే బార్‌ను ఎక్కువ దూరం తోయాలి. అందుకే నేను ఎవరి అంకెనూ పక్కవాడి అంకెతో కలిపి గోడకు అంటించను.

పరీక్ష పెట్టే రోజు కొన్ని విషయాల్లో పట్టుగా ఉంటాను. ఖాళీ బార్‌తో పది, సగం బరువుతో ఐదు చేసి ఒళ్లు వేడెక్కించాలి. బార్ ఛాతీని తాకి ఒక క్షణం ఆగాలి. నడుము లేస్తే ఆ రెప్ లెక్కలోకి రాదు. వెనక నేనుంటాను, బార్ ముట్టుకున్నానంటే పరీక్ష అయిపోయినట్టే. రెప్స్ లెక్కపెట్టే పిల్లలు ఒరియాలో "ఏక, దుయి, తిని" అని మొదలుపెట్టి, నాలుగో దానికి తెలుగులోకి వచ్చేస్తారు.

బార్ బరువు కూడా చూసుకోవాలి. అందరూ 20 కిలోలని చెప్పుకునే ఒక బార్‌ను నేను బియ్యం కొట్టుకు తీసుకెళ్లి కాటా మీద పెడితే 11 చూపించింది. ఆ రోజు నుంచి ప్లేట్లన్నీ తూచి, వాటి మీద అసలు బరువు పెయింట్‌తో రాశాను. ఆ ఇద్దరూ ఎత్తింది ఇలా తూచిన సరంజామాతోనే.

వాళ్లిద్దరికీ చెరొక నోట్‌బుక్ ఇచ్చాను. తేదీ, ఎత్తు, ఒంటి బరువు, ఎత్తిన బరువు, ఎన్ని రెప్స్, అంచనా గరిష్ఠం అని గడులు గీసి ఉన్నాయి. దసరా సెలవులయ్యాక మళ్లీ బెంచ్ ఎక్కుతారు. వింగర్ వెళ్తూ వెళ్తూ గోడకానుకుని ఎత్తు కొలవమన్నాడు. పోయినసారికంటే రెండు సెంటీమీటర్లు ఎక్కువే ఉన్నాడు. ఆ అంకె వాడే రాసుకున్నాడు.