పడవ పాఠం: ఇసుకలోనా, నీళ్లలోనా?

న్యూటన్ చలన నియమాలను పిల్లలకు పడవతో చెప్పాలంటే, దాన్ని ఇసుక మీద చూపించాలా, నీళ్లలోనా? కళింగపట్నం తీరంలో ఇసుక మీదున్న పడవను కదపాలంటే పదిమంది "ఐసా" అనాలి. నెట్టడం ఆపగానే అదీ ఆగిపోతుంది. దాంతో బలం లేకపోతే చలనమే ఉండదని పిల్లలు అనుకుంటారు. తప్పు వాళ్లది కాదు, ఘర్షణది, అంటే పడవను ఆపే ఇసుక రాపిడిది!

అదే పడవ నీళ్లలో ఉంటే చిన్న తోపుకే కదులుతుంది, వదిలేశాక కూడా కాస్త దూరం సాగుతుంది. 1687లో న్యూటన్ అచ్చువేయించిన మొదటి నియమం ఇదే: అడ్డుకునే బలం లేకపోతే కదిలేది అదే వేగంతో తిన్నగా పోతూనే ఉంటుంది. నీరూ ఆపుతుంది, కాకపోతే మెల్లగా.

మూడో నియమానికీ (ప్రతి చర్యకూ సమానమైన, వ్యతిరేక దిశలో ప్రతిచర్య ఉంటుంది) నీళ్లే నయం. గెడతో అడుగు నేలను వెనక్కి నెడితే పడవ ముందుకు పోవడం కళ్లారా కనిపిస్తుంది. ఘర్షణ చెప్పడానికైతే ఇసుకే. నేనైతే నీళ్ల పాఠానికి ఇంట్లో టబ్బు, ప్లాస్టిక్ పడవ వాడతాను. పిల్లలతో సముద్రంలోకి దిగే టెన్షన్ నావల్ల కాదు.