ఐఆర్‌ఎస్ ఉత్తరం వచ్చింది: టాక్స్ అటార్నీయా, సీపీఏనా, ఏది మేలు?

అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ నుంచి కవరు వచ్చిన రోజు ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు. మా స్నేహితుడి ఇంట్లో అదే జరిగింది. పైన సీపీ2000 అని ఉంది, అంటే మన రిటర్ను వాళ్ళ దగ్గరున్న లెక్కలతో కలవలేదనే నోటీసు. లోపల 11,000 డాలర్లు కట్టాలని ఉంది. మర్నాడు పొద్దున్నే ఒక టాక్స్ అటార్నీ (పన్నుల లాయరు) ఆఫీసుకి ఫోన్ చేస్తే, గంటకు 450 డాలర్లు, ముందుగా 5,000 డాలర్ల రిటైనర్ కట్టాలన్నారు. కార్డు నంబరు ఇచ్చే ముందు ఎందుకో నాకు ఫోన్ చేశాడు.

ఆ ఉత్తరానికి అటార్నీ అక్కర్లేదు. అతను కంపెనీ ఇచ్చిన ఆర్‌ఎస్‌యూ షేర్లు అమ్ముకున్నాడు. షేర్లు చేతికొచ్చిన రోజే వాటి విలువ జీతంలో కలిసి, కంపెనీ ఏటా ఇచ్చే జీతం కాగితం డబ్ల్యూ-2 మీద పన్ను పోయింది. తర్వాత అమ్మినప్పుడు బ్రోకరు పంపిన 1099-బీ అనే అమ్మకాల కాగితంలో కొన్న ధర దగ్గర ఖాళీ ఉంది. అతనేమో ఆ అమ్మకాన్ని రిటర్నులో చూపించడం మరిచిపోయాడు. కొన్న ధర సున్నా అనుకుని ఐఆర్‌ఎస్ కంప్యూటరు అమ్మిన డబ్బంతా లాభం కింద లెక్కేసింది. షేర్ల లాభనష్టాలు చూపించే ఫారం 8949 నింపి, బ్రోకరు దగ్గరున్న, అసలు కొన్న ధర చూపించే సప్లిమెంటల్ పేజీ జత చేసి, ఉత్తరంలో ఉన్న 30 రోజుల గడువులోపు పంపితే సరిపోయింది. ఒక ఎన్‌రోల్డ్ ఏజెంట్, అంటే ఐఆర్‌ఎస్ లైసెన్సున్న పన్ను సలహాదారు, 400 డాలర్లకు ఆ పని చేసి పెట్టారు. మన ఐటీ కుటుంబాలకు వచ్చే నోటీసుల్లో ఇలాంటివి చాలా ఉంటాయి. భయంలో పెద్ద ఫీజు కట్టేస్తారని నా బాధ.

అసలు ఐఆర్‌ఎస్ ముందు మన తరఫున మాట్లాడే హక్కు ముగ్గురికీ సమానంగా ఉంది. అటార్నీకి రాష్ట్ర బార్ (న్యాయవాదుల సంస్థ) లైసెన్సు ఇస్తుంది, సీపీఏకి, అంటే లైసెన్సున్న అకౌంటెంటుకి, రాష్ట్ర బోర్డు ఇస్తుంది. ఎన్‌రోల్డ్ ఏజెంట్‌కి ఐఆర్‌ఎస్సే ఇస్తుంది. మూడు భాగాల పరీక్ష పాసవ్వాలి, లేదా ఐఆర్‌ఎస్‌లో పనిచేసిన అనుభవం ఉండాలి. మన తరఫున మాట్లాడే అధికారమిచ్చే ఫారం 2848 మీద సంతకం పెడితే ముగ్గురిలో ఎవరైనా ఆడిట్‌కి వెళ్ళొచ్చు, ఐఆర్‌ఎస్ అప్పీల్సు విభాగంలో వాదించొచ్చు, వాయిదాల ఒప్పందం కుదర్చొచ్చు. కాబట్టి లెక్క తప్పిన చోట, కాగితాలు చూపిస్తే తేలిపోయే చోట, ఎన్‌రోల్డ్ ఏజెంటో సీపీఏనో చాలు. గంట ఫీజు తక్కువగానే ఉంటుంది, పైగా ఇదే వాళ్ళ రోజువారీ పని.

మరి అటార్నీకి అంత ఫీజు దేనికి? నా దృష్టిలో ముఖ్యంగా రెండింటికి. ఒకటి కోర్టు, రెండోది మన మాట బయటికి పోకుండా ఉండటం.

కోర్టు సంగతి త్వరగా చెప్తాను. నోటీస్ ఆఫ్ డెఫిషియన్సీ, అంటే ఇంత పన్ను తక్కువ కట్టారని ఐఆర్‌ఎస్ ఇచ్చే అధికారిక నోటీసు వస్తే టాక్స్ కోర్టులో పిటిషన్ వేయడానికి 90 రోజులు గడువు. ఉత్తరం అమెరికా బయట చిరునామాకు పంపితే 150 రోజులు. ఆ తేదీని ఐఆర్‌ఎస్ ఉద్యోగి ఎవరూ ఫోన్లో పొడిగించలేరు. పిటిషన్ ఫీజు 60 డాలర్లే, మనమే వేసుకోవచ్చు. వివాదం ఏడాదికి 50,000 డాలర్ల లోపుంటే చిన్న కేసుల పద్ధతి కోరుకోవచ్చు, కానీ అందులో ఓడితే పై కోర్టుకి వెళ్ళడం కుదరదు. అక్కడ మన తరఫున నిలబడాలంటే అటార్నీ అయినా కావాలి, ఆ కోర్టు పెట్టే పరీక్ష పాసైన వేరొకరైనా కావాలి. మామూలు సీపీఏ లెక్కల్లో సాయం చేయగలరు, అంతవరకే.

రెండోదాని గురించే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళకు అది తెలియదు. మా బంధువు ఒకాయనకు ఇండియాలో ఫిక్స్‌డ్ డిపాజిట్లు, ఎన్‌ఆర్‌ఈ (ప్రవాస భారతీయుల) ఖాతా ఉన్నాయి. ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు కాబట్టి ఇక్కడా చూపించక్కర్లేదని అనుకున్నారు. ఇక్కడ దానికి పన్ను ఉంది. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల నివేదిక వేయాలి. ఆయన వేయలేదు. అంతవరకైతే తెలియక జరిగిందనొచ్చు. కానీ రిటర్నుకు జత చేసే షెడ్యూల్ బీలో విదేశీ ఖాతా ఉందా అనే ప్రశ్నకు ఏటా 'లేదు' అని టిక్ ఉంది. ఆయన సీపీఏ ఏటా ఈమెయిల్లో అడిగారు, ఈయన 'లేవు' అని రాసిచ్చారు.

తెలియక చేసినట్టయితే స్ట్రీమ్‌లైన్డ్ అనే దిద్దుబాటు దారి ఉంది: మూడేళ్ళ రిటర్నులు, ఆరేళ్ళ ఎఫ్‌బార్లు, అమెరికాలో ఉన్నవాళ్ళకు 5 శాతం పెనాల్టీ. తెలిసి దాచినట్టు తేలితే మాత్రం ఖాతాలో ఉన్నదాంట్లో సగం, చిన్న ఖాతా అయితే అంతకన్నా ఎక్కువే పోవచ్చు, క్రిమినల్ కేసు కూడా కావచ్చు. ఈ రెండింటి మధ్య తేడా అంతా మనం ఎవరికి, ఎప్పుడు, ఏం చెప్పామన్నదాని మీద ఉంటుంది. 1998 చట్టం సీపీఏలకు, ఎన్‌రోల్డ్ ఏజెంట్లకు కూడా కొంత గోప్యత ఇచ్చింది. అయితే అది క్రిమినల్ వ్యవహారాలకు వర్తించదు, రిటర్ను తయారీ కోసం చెప్పిన మాటలకూ వర్తించదు. అంటే రేపు ఆ సీపీఏనే పిలిచి సాక్ష్యం చెప్పించొచ్చు. సలహా కోసం అటార్నీకి చెప్పుకున్న మాటకు ఆ ప్రమాదం లేదు.

మా బంధువు అదృష్టం, ఆ సీపీఏ మంచి మనిషి. ఈయన ఫోన్లో మొదలుపెట్టగానే, "ఇంకేం చెప్పకండి, ముందు అటార్నీని కలవండి" అన్నారట. ఇప్పుడు అటార్నీయే తన కింద వేరే సీపీఏని పెట్టుకుని లెక్కలు చేయిస్తున్నారు. 1961 నాటి కోవెల్ అనే కేసు నుంచి వచ్చిన పద్ధతి ఇది, ఆ సీపీఏ పని కూడా అటార్నీ గోప్యత కిందకు వస్తుంది. ఇప్పటికి ఖర్చు 14,000 డాలర్లు దాటింది. అది దండగ అని నేను ఒక్కసారి కూడా అనుకోలేదు.

ఇక ఫీజు కట్టే తీరు. గంట లెక్కయితే చాలామంది ఆరు నిమిషాల ముక్కలుగా బిల్లు వేస్తారు. గంటకు 450 అంటే రెండు లైన్ల ఈమెయిల్ చదివినా 45 డాలర్లు. అందుకని ప్రశ్నలన్నీ కూడబెట్టి ఒకేసారి అడగడం మేలు. ఎఫ్‌బార్లు, రిటర్నుల సవరణలాంటి హద్దు తెలిసిన పనికి ఫ్లాట్ ఫీజు అడగండి. ఆడిట్‌కీ కోర్టుకీ అది కష్టం, ఎటు పోతుందో ఎవరికీ తెలియదు కదా. అలాంటి చోట దశల వారీగా ధర చెప్పమనండి. రిటైనర్ అంటే మొత్తం ఫీజు అనుకునేవాళ్ళున్నారు, కాదు. అది అడ్వాన్సు. పని జరిగేకొద్దీ ట్రస్టు ఖాతాలోంచి తీసుకుంటారు, చేయని పనికి మిగిలింది మీకు తిరిగి రావాలి. ఆ మాట ఒప్పందంలో రాసి ఉందో లేదో సంతకానికి ముందే చూసుకోండి. ఇంకో మాట, సొంత పన్నుల కోసం కట్టిన ఈ ఫీజును 2018 నుంచి ఫెడరల్ రిటర్నులో తగ్గించుకోలేం. షెడ్యూల్ సీలో లెక్క చూపించే సొంత వ్యాపారానికి సంబంధించిన భాగమైతే చూపుకోవచ్చు.

రేడియోలో, టీవీలో 'మీ బాకీ పైసల్లో తీర్చేస్తాం' అనే కంపెనీల జోలికి మాత్రం వెళ్ళకండి. కేసు చూడకుండానే వేలకు వేలు ముందు కట్టించుకునేవాళ్ళ గురించి ఐఆర్‌ఎస్ కూడా హెచ్చరిస్తుంది. వాళ్ళు చెప్పే ఆఫర్ ఇన్ కాంప్రమైజ్‌కి (బాకీ తగ్గించి తీర్చుకునే ఒప్పందానికి) దరఖాస్తు ఫీజు 205 డాలర్లు. మనం అర్హులమో కాదో చూసుకునే సాధనం ఐఆర్‌ఎస్ సైట్లో ఉచితంగా ఉంది. పన్ను, పెనాల్టీ, వడ్డీ కలిపి 50,000 డాలర్లు మించకపోతే, రిటర్నులన్నీ వేసి ఉంటే, వాయిదాలకు ఆన్‌లైన్లో మనమే దరఖాస్తు పెట్టుకోవచ్చు.

చేతిలో డబ్బు లేనివాళ్ళకు లో ఇన్‌కమ్ టాక్స్‌పేయర్ క్లినిక్కులున్నాయి. ఆదాయం సాధారణంగా పేదరిక రేఖకు రెండున్నర రెట్ల లోపుండాలి. ఉచితంగానో నామమాత్రపు ఫీజుకో కోర్టు దాకా వస్తారు. ఉద్యోగం పోయిన ఏడాదిలో మీరూ అర్హులు కావచ్చు, అడగడానికి మొహమాటపడకండి.

ఎవరి దగ్గరికి వెళ్ళినా ముందు ఐఆర్‌ఎస్ సైట్లో ఖాతా తెరిచి, గత కొన్నేళ్ళ ట్రాన్స్‌క్రిప్టులు (వాళ్ళ దగ్గరున్న మీ పన్ను రికార్డులు) దించుకోండి, ఉచితమే. వాటి మీద ఉత్తరం, దాని కవరు కూడా పెట్టి, గడువు తేదీ పైన ఎర్ర పెన్నుతో రాసుకుని వెళ్ళండి. మా స్నేహితుడి పని 400 డాలర్లతో అయిపోవడానికి సగం కారణం, ఆ కాగితాల కోసం ఎన్‌రోల్డ్ ఏజెంట్ వెతుక్కోవాల్సిన అవసరం లేకపోవడమే.