చిన్న కౌంటీ కోర్టులో పాత ట్రాఫిక్ టికెట్: పద్నాలుగేళ్ల అనుభవం

అమెరికా పౌరసత్వానికి పెట్టుకునే ఎన్-400 దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంటుంది. మిమ్మల్ని ఎప్పుడైనా, ఏ కారణం మీదనైనా పోలీసులు అరెస్టు చేశారా, సైటేషన్ (అంటే ట్రాఫిక్ టికెట్ లాంటిది) ఇచ్చారా, అదుపులోకి తీసుకున్నారా అని. 2025 మార్చిలో దాన్ని నింపుతూ ఆ గడి దగ్గర ఆగిపోయాను. 'అవును' అని రాయాల్సిందే. రాశాక ఎప్పుడు, ఎక్కడ, చివరకు ఏమైంది అన్నది కూడా చెప్పాలి. నాకు గుర్తున్నది ఇంతే: 2011 వేసవి, డాలస్ నుంచి కొలరాడో వెళ్లే 287వ నంబరు హైవే, వెనుక సీట్లో నిద్రపోతున్న ఏడాది పాప, అద్దంలో ఎరుపు, నీలం దీపాలు. టికెట్ కాగితం ఏ ఇల్లు మారినప్పుడు పోయిందో తెలియదు. ఏ కౌంటీ అన్నది కూడా ఖాయంగా చెప్పలేను.

తీరా వెతికి చూస్తే అది నాకు తెలిసిన కౌంటీయే. 2017లో నాకు రెండో టికెట్ పడింది అక్కడే. 2023లో మా బాబాయి గారి అబ్బాయికి పడిందీ అక్కడే. అంటే పద్నాలుగేళ్లలో ఒకే చిన్న కోర్టుతో మూడు సార్లు పని పడింది. ఆ అనుభవమే ఇది. కౌంటీ పేరు రాయను. పత్తి చేలు, గాలిమరలు, మైళ్ల కొద్దీ మనిషి కనిపించని నేల, మధ్యలో ఒక కోర్టు భవనం: టెక్సస్‌లోని 254 కౌంటీల్లో ఇలాంటివి చాలా ఉన్నాయి.

ముందుగా, నేను చేసిన మొదటి తప్పు. హైవే మీద ఆపింది ఎవరన్నదే అన్నిటికంటే ముఖ్యమని నాకు తెలియదు. ఊళ్లోకి రాగానే గంటకు డెబ్బై అయిదు మైళ్ల వేగ పరిమితి యాభై అయిదుకు, ఆ వెంటనే ముప్పై అయిదుకు దిగిపోతుంది. అక్కడ ఊరి పోలీసు ఆపితే కేసు మునిసిపల్ కోర్టుకు వెళ్తుంది. అదే చోట రాష్ట్ర హైవే పెట్రోలు ట్రూపరో, షెరిఫ్ మనిషో ఆపితే కౌంటీలోని జస్టిస్ ఆఫ్ ది పీస్ కోర్టుకు వెళ్తుంది. దాన్నే అందరూ జేపీ కోర్టు అంటారు. ఈ రెండు కోర్టులూ ఒకే వీధిలో ఉండవచ్చు. అయినా ఒకరి పుస్తకంలో ఉన్నది మరొకరికి కనిపించదు. నేను మొదట మునిసిపల్ కోర్టుకు ఫోను చేశాను. 'మీ పేరు మీద ఏమీ లేదు' అన్నారు. నా మనసు తేలికపడింది. అలా తేలికపడకూడదని తర్వాత తెలిసింది. అక్కడ లేదంటే ఆ కోర్టులో లేదని మాత్రమే అర్థం.

మిస్సోరీలో ఉంటున్న నా స్నేహితుడికి ఈ తిప్పలు తెలియవు. అక్కడ కేస్ డాట్ నెట్ అని రాష్ట్రమంతటికీ కలిపి ఒక వెబ్‌సైటు ఉంది. పేరు కొడితే కోర్టు కేసులు వస్తాయి. విస్కాన్సిన్, వర్జీనియాల్లోనూ ఇలాంటి ఏర్పాట్లు ఉన్నాయి. టెక్సస్‌లో ట్రాఫిక్ కేసులన్నీ ఒకచోట దొరికే చోటు లేదు. పెద్ద కౌంటీలకు సొంత వెబ్‌సైట్లు ఉంటాయి. చిన్న కౌంటీల్లో డబ్బు కట్టే లింకు ఉండవచ్చు గానీ, పాత కేసులు వెతికే వీలు తక్కువ.

ఈ ఖాళీలోనే డబ్బు తీసుకునే ప్రైవేటు వెబ్‌సైట్లు పుట్టుకొచ్చాయి. కౌంటీ పేరు, 'ట్రాఫిక్ టికెట్ రికార్డులు' అని వెతకగానే ముందు వచ్చేవి అవే. చూడటానికి ప్రభుత్వ వెబ్‌సైటులాగానే ఉంటాయి. ఒకదానికి డబ్బు కట్టాను. నా పాత చిరునామాలు నాలుగు, నా పేరు ఉన్న మరెవరిదో ఆస్తి వివరం ఒకటి ఇచ్చింది. టికెట్ ఊసే లేదు. అలాంటి కాగితం ఇమిగ్రేషన్ వాళ్లకు చూపించడానికి కూడా పనికిరాదు. కోర్టు ముద్ర ఉన్న కాగితమే కావాలి. దయచేసి ఆ వెబ్‌సైట్లకు ఒక్క డాలరు కూడా ఇవ్వకండి.

నాకు నిజంగా దారి చూపించింది డ్రైవింగ్ రికార్డు. టెక్సస్ ప్రజా భద్రతా శాఖ, అంటే డీపీఎస్, దీన్ని ఆన్‌లైన్‌లోనే ఇస్తుంది. రకాలు ఉంటాయి. టైప్ 2లో మూడేళ్ల చరిత్ర మాత్రమే ఉంటుంది. టైప్ 3లో మొత్తం చరిత్ర ఉంటుంది. పక్కన 'ఎ' అని ఉంటే అది సర్టిఫైడ్ ప్రతి. టైప్ 3ఎ తెప్పించుకుంటే 2011 నాటి కేసు ఒక వరుసలో కనిపించింది: వేగ పరిమితి మించినట్టు, తేదీ, కౌంటీ. అది అందులో ఉండటానికి కారణం అప్పట్లో నేను చేసిన పనే. టికెట్ రాగానే మనీ ఆర్డరు తీసి కవరులో పెట్టి పంపేశాను. డబ్బు కట్టేస్తే గొడవ వదిలిపోతుందనుకున్నాను. జరిమానా కట్టడమంటే 'అభ్యంతరం లేదు' అని ఒప్పుకున్నట్టే, శిక్ష పడినట్టే లెక్క. ఆ వరుస అలా రికార్డులోకి ఎక్కింది. ఆ తర్వాత ఇన్సూరెన్సు ప్రీమియం ఎందుకు పెరిగిందో కూడా నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. డ్రైవింగ్ రికార్డులో కనిపించేవి శిక్ష పడిన కేసులు. వాయిదా పద్ధతిలో, అంటే జడ్జి ఇచ్చిన గడువులో షరతులు పాటించి, కొట్టేయించుకున్న టికెట్ అందులో ఉండకపోవచ్చు. కానీ ఎన్-400 అడిగేది శిక్ష గురించి మాత్రమే కాదు, సైటేషన్ గురించి కూడా. రికార్డు శుభ్రంగా ఉంది కదా అని 'లేదు' అని రాసిన వాళ్లు నాకు తెలుసు. అలా రాయకండి. జరిమానా 500 డాలర్ల లోపే ఉండి, అరెస్టు జరగకుండా, మద్యంతోనో మత్తుమందులతోనో సంబంధం లేకపోతే సాధారణంగా కాగితాలు జతచేయనక్కర్లేదని ఆ దరఖాస్తు సూచనల్లోనే ఉంది. ప్రశ్నకు జవాబు మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. నాకైతే చేతిలో కాగితం లేకుండా ఇంటర్వ్యూకు వెళ్లడానికి మనసొప్పలేదు.

కౌంటీ తెలిసింది కాబట్టి సమాచార హక్కు లాంటి చట్టం కింద ఉత్తరం రాశాను. టెక్సస్‌లో దాన్ని పబ్లిక్ ఇన్ఫర్మేషన్ చట్టం అంటారు. అది కోర్టులకు వర్తించదని తిరుగు జవాబు వచ్చింది. కోర్టు ఫైళ్లు చూసే హక్కు అందరికీ ఉంది, దాని కోసం నేరుగా కోర్టు క్లర్కునే అడగాలి. ఉత్తరంతో రెండు వారాలు పోయాయి. ఫోను చేస్తే పది నిమిషాల పని.

ఆ పది నిమిషాల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 18,000 కంటే తక్కువ జనాభా ఉన్న కౌంటీకి సాధారణంగా ఒకే జేపీ ప్రీసింక్ట్ ఉంటుంది. అంటే ఒక జడ్జి, ఒకరో ఇద్దరో క్లర్కులు. మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒంటి గంట దాకా ఫోను ఎత్తరు, భోజనానికి వెళ్తారు. ఒంటి గంట దాటాక చేస్తే ఒక పెద్దావిడ ఎత్తారు. పేరు అక్షరం అక్షరం చెప్పమన్నారు. చెప్పాను. లేదన్నారు. ఇంటిపేరు, అసలు పేరు తిప్పి చూడమన్నాను. లేదన్నారు. అప్పుడు నాకు తట్టింది. మా ఇంట్లో మగపిల్లలందరికీ పేరు ముందు 'వెంకట' ఉంటుంది. పాస్‌పోర్టులో అది పేరులో మొదటి ముక్క. 2011లో ట్రూపరు దాన్ని ఏమనుకుని రాసుకున్నాడో! 'వెంకట అన్నదే ఇంటిపేరు అనుకుని చూడండి, పుట్టిన తేదీ ఇది' అన్నాను. కీబోర్డు చప్పుడు వినిపించింది. కొంతసేపు నిశ్శబ్దం. 'ఉంది బాబూ, ఇక్కడుంది' అన్నట్టుగా ఆవిడ గొంతు మారింది. మా నాన్నగారి వయసు వాళ్లు అలా ఆదరంగా మాట్లాడితే ఎలా ఉంటుందో అలాగే అనిపించింది.

తెలుగువాళ్లకు ఇది బాగా పనికొచ్చే మాట: పేరుతో దొరకకపోతే పుట్టిన తేదీతో, డ్రైవింగ్ లైసెన్సు నంబరుతో వెతకమనండి. ఇంటిపేరు వెనకా ముందూ చేసి, పేరులోని ప్రతి ముక్కనూ ఇంటిపేరుగా పెట్టి చూడమనండి. పెళ్లయ్యాక పేరు మారిన ఆడవాళ్లు పాత పేరు కూడా ఇవ్వాలి.

కేసు కాగితాలు మాత్రం లేవు. నిర్ణీత కాలం దాటిన వాటిని తీసేయడానికి చట్టం ఒప్పుకుంటుంది. కంప్యూటర్‌లో కేసు నంబరు, తేదీ, నేరం, కట్టిన మొత్తం, 'ముగిసింది' అన్న మాట మిగిలాయి. వాటితోనే కోర్టు లెటర్‌హెడ్ మీద ధ్రువీకరణ రాసి ఇవ్వగలరా అని అడిగాను. జడ్జి సంతకం కావాలి, ఆయన ఈ రోజు లేరు అన్నారు. ఎందుకో కూడా చెప్పారు. తెల్లవారుజామున హైవే మీద పికప్ ట్రక్కు బోల్తా పడి ఒక కుర్రాడు చనిపోయాడు. వైద్య పరీక్షాధికారి లేని చిన్న కౌంటీల్లో శవ పంచనామా చేయాల్సింది కూడా ఈ జేపీ జడ్జియే. అదే హైవే. ఆ మాట విన్నాక నేను ఏమీ మాట్లాడలేకపోయాను. 2011లో నన్ను ఆపిన ట్రూపరు మీద ఇన్నేళ్లుగా ఏ మూలనో ఉన్న విసుగు ఆ క్షణంలో పోయింది.

2017 నాటి టికెట్‌ను కాస్త తెలివిగా నడిపించాను. డిఫెన్సివ్ డ్రైవింగ్ క్లాసు చేసి కొట్టేయించుకున్నాను. దీనికి పన్నెండు నెలల్లో ఒక్కసారే అవకాశం. పరిమితి కంటే 25 మైళ్లు, ఆ పైన మించినా, 95 మైళ్లు, ఆ పైన వేగంతో వెళ్లినా కుదరదు. వాణిజ్య లైసెన్సు ఉన్నవాళ్లకూ కుదరదు. టికెట్ మీద ఉన్న హాజరు తేదీ లోపలే అడగాలి. టెక్సస్ లైసెన్సు, ఇన్సూరెన్సు రుజువు ఉండాలి. కోర్టు ఖర్చులు కట్టాలి. 90 రోజుల్లో ఆరు గంటల క్లాసు పూర్తి చేసి సర్టిఫికెట్‌తో పాటు టైప్ 3ఎ రికార్డు కూడా ఇవ్వాలి. నేను టైప్ 2 పంపాను. ఇదే క్లర్కు గారు స్వయంగా ఫోను చేసి, 'ఎనభై రోజులు దాటాయి, మీరు పంపింది సరైనది కాదు, వెంటనే 3ఎ పంపండి' అన్నారు. పెద్ద నగరంలో ఎవరు ఫోను చేస్తారు? గడువు దాటాక కాగితం మాత్రమే వస్తుంది. ఆ ఒక్క ఫోను వల్ల ఆ టికెట్ నా మీద శిక్షగా నిలవలేదు.

2023 నాటిది మా తమ్ముడి కథ, నన్ను నిద్రపోనివ్వని కథ. ఎం.ఎస్. చదువుతున్న కుర్రాడు, స్నేహితుల కారు నడుపుతూ దొరికాడు. సెమిస్టర్ అయిపోగానే ఇల్లినాయికి మారిపోయాడు. హాజరు తేదీ మరచిపోయాడు. హాజరు కానందుకు వారంటు ఇచ్చే ముందు నోటీసు ఇచ్చి, మరో అవకాశం ఇవ్వాలని 2017 నుంచి టెక్సస్ చట్టంలో ఉంది. కోర్టు ఇచ్చింది కూడా. కానీ ఆ నోటీసు పాత అపార్టుమెంటుకు వెళ్లింది. ఏడాది దాటాక, 2025 ఏప్రిల్‌లో వేల మంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు (విద్యార్థుల వివరాలు ఉంచే అమెరికా ప్రభుత్వ డేటాబేసులోవి) ఒక్కసారిగా రద్దయ్యాయి. పోలీసుల డేటాబేసులో పేరు తగిలితే చాలు, కేసు కొట్టేసినా తీసేశారని వార్తలు వచ్చాయి. ఆ నెలాఖరుకు వాటిని పునరుద్ధరించారు గానీ, అప్పటికి మా వాడి గుండె ఆగినంత పనైంది. రాత్రి పదకొండింటికి ఫోను చేసి, 'అన్నయ్యా, నా టికెట్ సంగతి ఏమైందో నాకే తెలియదు' అన్నాడు.

మర్నాడు ఉదయం కోర్టు తెరవగానే ఇద్దరం కలిసి ఫోను చేశాం. వారంటు ఇంకా వెళ్లలేదు. స్థానిక లాయరును పెట్టుకోమని సలహా ఇచ్చారు, పెట్టుకున్నాం. వాయిదా పద్ధతి కింద జడ్జి గడువు ఇచ్చారు. ఆ గడువులో మరో టికెట్ లేకుండా, చెప్పిన షరతులు పాటిస్తే కేసు కొట్టేస్తారు. గరిష్ఠంగా 180 రోజులు. కొట్టేశాక వాడికి నేను చెప్పింది ఒకటే: సర్టిఫైడ్ కాపీ మూడు తీసుకో, ఒకటి నీ దగ్గర, ఒకటి నా దగ్గర, ఒకటి గుంటూరులో బాబాయి దగ్గర.

వర్జీనియాలో ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. అక్కడ పరిమితి కంటే 20 మైళ్లు మించినా, 85 దాటినా అది మామూలు టికెట్ కాదు, రెక్‌లెస్ డ్రైవింగ్, నేరం కింద లెక్క, ఏడాది దాకా జైలు కూడా పడవచ్చు. అక్కడ డబ్బు కట్టేసి ఊరుకోవడం లాంటి ఆలోచన అస్సలు వద్దు. ముందు లాయరును కలవండి.

ఈ కౌంటీ కోర్టుకు నేను ఇచ్చే మార్కులు చెప్పాలంటే, వెబ్‌సైటుకు చాలా తక్కువ, ఫోను ఎత్తిన మనిషికి నూటికి నూరు. పాత రికార్డులు ఆన్‌లైన్‌లో వెతుక్కునే వీలు వాళ్లు కల్పించి తీరాలి. డాలస్ నుంచి నాలుగు గంటల దూరం రాలేని వాళ్లు, ఇంగ్లీషులో ఫోను మాట్లాడటానికి జంకే వాళ్లు ఎందరో ఉన్నారు. డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లకు వాయిదాల్లో కట్టే వీలు, సమాజ సేవ లాంటి దారులు ఉన్నాయని కూడా అడిగితేనే చెబుతున్నారు, ముందే కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాసి ఉండాలి.

2011 టికెట్ గురించి కోర్టును నేను అడిగిన ధ్రువీకరణ ఉత్తరం తొమ్మిది రోజులకు వచ్చింది. ఒకే పేజీ, అయిదు వాక్యాలు, కింద జడ్జి సంతకం, వేలితో తడిమితే తగిలే ఎత్తుముద్ర. కవరు మీద నా పేరు మొట్టమొదటిసారి సరైన వరుసలో రాసి ఉంది. ఇంటర్వ్యూలో ఆఫీసరు టికెట్ల గురించి అడిగారు. చెప్పాను, కాగితం ఇచ్చాను. ఆవిడ తేదీ చూసి, ముద్ర మీద ఒకసారి వేలు ఆనించి, ఫైలులో పెట్టుకుని తర్వాతి ప్రశ్నకు వెళ్లారు.