ఇంట్లోనే మార్చుకున్న ఎగ్జాస్ట్: కొన్నేళ్ల వాడకం తర్వాత ఎలా ఉంది?

పాత పెట్రోల్ కారుకి క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని హానికర వాయువుల్ని తగ్గించే డబ్బా) వెనక నుంచి టెయిల్ పైపు చివరి దాకా, పొగని బయటికి పంపే ఎగ్జాస్ట్ లైన్ మొత్తం విప్పేసి, కొత్తది నేనే బిగించుకుని కొన్నేళ్లయింది. కొత్తగా బిగించిన వారంలో ఏ పైపైనా మెరుస్తుంది, ఏ సైలెన్సరైనా చప్పుడు చేయకుండా ఉంటుంది. వానలు, బురద, రోజూ తిరిగే చిన్న చిన్న దూరాలు అన్నీ అయ్యాకే దాని సత్తా తెలుస్తుంది. అందుకే ఇన్నాళ్లు ఆగి రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఓపిక ఉంటే ఇది సొంతంగా చేసుకోదగ్గ పనే. నేను తీసుకున్న అల్యూమినైజ్డ్ స్టీల్ కిట్ కూడా కొనదగ్గదే. కాకపోతే ఈ పనిలో పైపుల కంటే బోల్టులు, జాయింట్ల మధ్య సందు మూసే గ్యాస్కెట్లు, పైపుల్ని బిగించి పట్టే క్లాంపులు, లైన్‌ని వేలాడదీసే రబ్బర్లే ముఖ్యం. ఇప్పుడు కారు కిందకి దూరి చూస్తే ఏది నిలబడిందో, ఏది పోయిందో అన్న తేడా అంతా వాటి దగ్గరే కనిపిస్తోంది.

పాత లైన్‌లో ముందు పోయింది వెనక సైలెన్సరే. బయట నుంచి చూస్తే గోధుమ రంగు మరకలే ఉన్నాయి. అడుగు అంచు దగ్గర స్క్రూడ్రైవర్ మొన పెట్టి కాస్త నొక్కితే లోపలికి దిగిపోయింది. చాలా కార్లలో ఇలాగే అవుతుంది, దానికి కారణం ఉంది. లీటరు పెట్రోల్ మండితే దాదాపు లీటరు నీళ్లు ఆవిరిగా పుడతాయి. ఇంజిన్ దగ్గరి పైపులు త్వరగా కాలిపోయేంత వేడెక్కుతాయి కాబట్టి అక్కడ తేమ నిలవదు. చిట్టచివరన ఉన్న సైలెన్సర్ వేడెక్కడానికి చాలా సేపు పడుతుంది. పక్క వీధి దాకా వెళ్లి బండి ఆపేస్తే ఆవిరి అక్కడే నీళ్లుగా మారి అడుగున చేరుతుంది. పొగలోని ఆమ్లాలు ఆ నీళ్లలో కలుస్తాయి. అలా తుప్పు లోపలి నుంచి బయటికి తినుకుంటూ వస్తుంది. బయట మరక కనిపించేసరికి లోపల రేకు సగం పోయినట్టే. చాలా సైలెన్సర్లకి అడుగున ఒక చిన్న చిల్లు ఉంటుంది. అది తుప్పు వల్ల పడింది కాదు, నీళ్లు కారిపోవడానికి తయారీలోనే పెట్టింది. దాన్ని చూసి లీకనుకుని పూడ్చేయకండి.

కొనేటప్పుడు ముందు తేల్చుకోవాల్సింది లోహం సంగతి. మామూలు స్టీల్ చవకే గానీ ఇంత పని పెట్టుకుని దాన్ని వేయడం దండగ. అల్యూమినైజ్డ్ అంటే స్టీల్ మీద అల్యూమినియం, సిలికాన్ కలిసిన పూత ఉంటుంది. ఆ పూత ఉన్నంత కాలం పైపు బాగుంటుంది. వెల్డింగ్ చేసిన చోట, కోసిన అంచుల దగ్గర పూత ఉండదు కాబట్టి తుప్పు అక్కడే మొదలవుతుంది. స్టెయిన్‌లెస్‌లో ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. 409లో క్రోమియం 11 శాతం దాకా ఉంటుంది. పైన గోధుమ రంగు తేలుతుంది గానీ తొందరగా చిల్లు పడదు. 304లో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం దాకా ఉంటాయి. చాలా ఏళ్లు మన్నుతుంది, ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. స్టెయిన్‌లెస్ అని అమ్ముతున్నది వీటిలో ఏదో అనుమానం వస్తే అయస్కాంతం పెట్టి చూడండి. 409కి గట్టిగా అతుక్కుంటుంది, 304కి దాదాపు అతుక్కోదు. నేను అల్యూమినైజ్డ్ ఎంచుకోవడానికి కారు వయసే కారణం. ఇంకా ఎన్నేళ్లు ఉంచుకుంటానో తెలియని బండికి అది చాలనిపించింది.

కిట్‌తో వచ్చిన బోల్టులు, గ్యాస్కెట్లు పక్కన పెట్టి విడిగా మంచివి కొనమని గట్టిగా చెబుతాను. స్టెయిన్‌లెస్ బోల్టులు, రాగి పూత నట్లు, స్టెయిన్‌లెస్ బ్యాండ్ క్లాంపులు, కొత్త రబ్బరు హ్యాంగర్లు తెచ్చుకోండి. పైపుల ఖర్చుతో పోలిస్తే ఇది ఎంతో ఉండదు.

ఇక విప్పడం. ఈ పనిలో టెన్షన్ అంతా ఇక్కడే. ఏళ్ల తరబడి కాలుతూ చల్లారుతూ వచ్చిన నట్లు, బోల్టులు ఒకదాన్నొకటి పట్టేసి ఉంటాయి. బండి పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, ముందు రోజు రాత్రే ప్రతి నట్టు దగ్గరా వైర్ బ్రష్‌తో మరల మీది తుప్పు రాల్చి, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేయాలి. తెల్లారాక మళ్లీ ఒకసారి కొట్టాలి. ఆ ఆయిల్ అంటుకుంటుంది కాబట్టి వేడి పైపు మీద కొట్టకూడదు. స్పానర్ కంటే ఆరు పలకల సాకెట్ వాడండి. పన్నెండు పలకలది తుప్పు పట్టిన నట్టు మూలల్ని అరగదీసేస్తుంది, ఆ తర్వాత దానికి ఏదీ పట్టదు. తిప్పేటప్పుడు ముందు బిగించే వైపు ఒక్క పిసరు లాగితే తుప్పు పట్టు విడుతుంది. టిక్కుమని చిన్న శబ్దం వస్తుంది, అది మంచి కబురు. అప్పుడు విప్పే వైపు అర చుట్టు, వెనక్కి పావు చుట్టు, ఇలా ముందుకీ వెనక్కీ ఆడిస్తూ తీయాలి. రబ్బరులా మెత్తగా సాగుతున్నట్టు చేతికి తెలిస్తే వెంటనే ఆగిపోండి. బోల్టు విడవడం లేదు, మెలి తిరిగి తెగిపోబోతోంది అని దాని అర్థం.

పారేసే పైపు మీది బోల్టుల కోసం అంత తంటాలు పడక్కర్లేదు, గ్రైండర్‌తో కోసేయవచ్చు. కాకపోతే నిప్పురవ్వలు ఎటు పోతున్నాయో చూసుకోవాలి. పెట్రోల్ పైపులు, బ్రేక్ పైపులు చాలా కార్లలో ఎగ్జాస్ట్‌ పక్కనుంచే వెళ్తాయి. అవి దగ్గరగా ఉన్న చోట నేను చేతి రంపమే వాడాను. టార్చ్‌తో కాల్చే పద్ధతి కారు కింద అసలు వాడలేదు. జాగ్రత్త అంతా బండికే ఉండిపోయే ఫ్లాంజ్ దగ్గర చూపించాలి, అంటే కన్వర్టర్ వెనక అంచు. అక్కడి స్టడ్‌లలో (ఫ్లాంజ్‌కే బిగించి ఉండే, తల లేని బోల్టుల్లో) ఒకటి తెగింది. పాత పైపు తీసేశాక దాన్ని డ్రిల్ చేసి చిల్లు తెరిచి, ఇటు నుంచి అటు దూరే బోల్టు, నట్టు వేశాను. ఇన్నేళ్లలో అక్కడ ఏ ఇబ్బందీ రాలేదు. పైగా పాత స్టడ్ కంటే ఇదే విప్పడానికి సులువు.

నా కారులో పొగలోని ఆక్సిజన్‌ని కొలిచే సెన్సర్లలో వెనకది కన్వర్టర్ తర్వాతి పైపులోనే ఉంది. కాబట్టి దాన్ని పాత పైపు నుంచి తీసి కొత్తదానికి మార్చాలి. దీనికి వైరు దూరేలా పక్కన చీలిక ఉన్న సాకెట్ దొరుకుతుంది, సైజు ఎక్కువగా 22 మిల్లీమీటర్లు. ఇంజిన్‌ని కాసేపు నడిపి, పైపు గోరువెచ్చగా ఉన్నప్పుడు తిప్పితే సెన్సర్ తేలిగ్గా వస్తుంది. బిగించేటప్పుడు మరలకి మాత్రమే యాంటీ సీజ్ (మరలు పట్టేయకుండా కాపాడే పేస్ట్) పూత సన్నగా రాయాలి, మొనకి అంటకూడదు. కొత్త సెన్సర్ అయితే సాధారణంగా మరలకి పూత రాసే వస్తుంది. జాయింట్లకి మామూలు సిలికాన్ పేస్ట్ పూయకండి. దాని ఆవిరి సెన్సర్‌ని పాడు చేస్తుంది. ఎగ్జాస్ట్ కోసమని రాసి ఉన్న పేస్టే వాడాలి.

రబ్బరు హ్యాంగర్లు ఊడదీయడానికి సబ్బు నీళ్లు చాలు. ఆయిల్ రాస్తే ఆ పూటకి జారుతుంది గానీ రబ్బరు ఉబ్బి పాడవుతుంది. ఎలాగూ పారేసేవైతే కోసేయండి.

కొత్తది బిగించడం దీనితో పోలిస్తే హాయి. ఒకటే పద్ధతి. ముందు మొత్తం లైన్‌ని హ్యాంగర్లకి వేలాడదీసి, ప్రతి జాయింటూ వదులుగా కలపాలి. ఎక్కడా కారు బాడీకి తగలకుండా సర్దుకున్నాకే ఇంజిన్ వైపు నుంచి వెనక్కి వరసగా బిగించుకుంటూ రావాలి. పైపు చుట్టూ ఖాళీ ఎందుకు వదలాలంటే, మూడు మీటర్ల స్టీల్ పైపు సగటున 300 డిగ్రీలు వేడెక్కితే సెంటీమీటరు దాకా పొడవు పెరుగుతుంది. ఆ కదలికకి చోటివ్వడానికే రబ్బర్లు ఉన్నాయి. చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా ఆనుకుని ఉన్న పైపు వేడెక్కాక టకటకమని కొట్టుకుంటుంది. నా కిట్‌లో నాకు నచ్చని సంగతి ఒకటుంది. వెనక సైలెన్సర్ హ్యాంగర్ కడ్డీ కోణం కాస్త తేడాగా వచ్చింది, దానివల్ల టెయిల్ పైపు బంపర్ వైపుకి ఒరిగింది. పొడవాటి గొట్టం తొడిగి కడ్డీని కొంచెం వంచితే సరిపోయింది గానీ, అది తయారీలోనే చూసుకోవాల్సిన విషయం.

మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు పైపుల మీది నూనె, వేలిముద్రలు కాలి పొగ, ఘాటు వాసన వస్తాయి. కాసేపట్లో తగ్గిపోతాయి. తగ్గకపోతే ఏదో తగులుతున్నట్టే. లీకు చూడటానికి ఇంజిన్ చల్లగా ఉండగానే స్టార్ట్ చేసి, మందపాటి గుడ్డతో టెయిల్ పైపుని కొద్ది క్షణాలు అదిమి పట్టుకోమని పక్కవాళ్లకి చెప్పి, జాయింట్ల దగ్గర చెవి పెట్టాలి. బుస్సుమని వినిపించిన చోట సబ్బు నీళ్లు చల్లితే బుడగలు లేస్తాయి. ఇదంతా ఆరుబయటే చేయాలి. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. తలుపులు మూసిన గ్యారేజీలో ఒక్క నిమిషం కూడా ఇంజిన్ నడపవద్దు. రెండు మూడు సార్లు బాగా వేడెక్కి చల్లారాక అన్ని బోల్టులూ మళ్లీ ఒకసారి బిగించాలి. అప్పుడు దాదాపు ప్రతి బోల్టూ ఇంకాస్త తిరిగింది.

ఇక ఇన్నేళ్ల ఫలితం. అల్యూమినైజ్డ్ పైపులు రంగు మాసి బూడిద రంగుకి తిరిగాయి, తుప్పు లేదు. వెల్డింగ్ గీతల వెంట మాత్రం గోధుమ రంగు స్పష్టంగా కనిపిస్తోంది. కోసిన అంచులకి ముందుగానే వేడి తట్టుకునే పెయింట్ వేశాను, అవి వెల్డింగ్ కంటే మెరుగ్గా ఉన్నాయి. వెనక సైలెన్సర్ అడుగు మడతలో పొక్కులు మొదలయ్యాయి. చిల్లు ఇంకా పడలేదు, పడటానికి ఇంకెంతో కాలం పట్టదు. శబ్దం కొత్తలో ఎలా ఉందో దాదాపు అలాగే ఉంది. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మాత్రం కాస్త బొంగురుగా వినిపిస్తోంది.

ముందు పోయింది కిట్‌తో వచ్చిన పలచటి గ్యాస్కెట్. మధ్య జాయింట్‌కి మంచి గ్యాస్కెట్ ఆ సైజులో దొరక్క దాన్నే వేయాల్సి వచ్చింది. కొన్ని నెలలకే పొద్దున స్టార్ట్ చేయగానే టిక్ టిక్ అని మొదలై, ఇంజిన్ వేడెక్కాక ఆగిపోయేది. లోహం వ్యాకోచించి సందు మూసుకోవడం వల్ల అలా అవుతుంది. స్టీల్, గ్రాఫైట్ పొరలున్న గ్యాస్కెట్ వేశాక ఆ శబ్దం మళ్లీ రాలేదు. యూ బోల్టు క్లాంపు ఒకటి వాడాను, అది తుప్పు పట్టడమే గాక పైపుని లోపలికి నొక్కేసింది. అలా నొక్కుకుపోయిన పైపుని రెండోదాన్నుంచి లాగడం నరకం. బ్యాండ్ క్లాంపు చుట్టూ సమానంగా పడుతుంది, విప్పితే ఊడివస్తుంది. స్టెయిన్‌లెస్ బోల్టులు, రాగి పూత నట్లు ఇప్పటికీ చేతి స్పానర్‌తో తిరుగుతున్నాయి. ఈ సమీక్షలో నేను ఎక్కువ మార్కులు వేసేది వాటికే. స్టెయిన్‌లెస్ బోల్టుకి స్టెయిన్‌లెస్ నట్టే వేస్తే మాత్రం మరలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. తప్పనిసరైతే యాంటీ సీజ్ రాయాలి. రబ్బర్లలో కన్వర్టర్‌కి దగ్గరగా ఉన్నది పగిలింది. అక్కడ వేడిని ఆపే రేకు పాతదైపోయి ఊడిపోయింది. రేకు మార్చి, సిలికాన్ రబ్బరు వేశాను.

మైలేజీ పెరుగుతుందని ఈ పని పెట్టుకోకండి. నాకు చెప్పుకోదగ్గ తేడా రాలేదు, ఎందుకంటే నా లీకు సెన్సర్లకి వెనకాల ఉంది. లీకు గనక ఇంజిన్‌కి దగ్గరగా ఉన్న ఆక్సిజన్ సెన్సర్ కంటే ముందుంటే కథ వేరు. పొగ తోసుకొచ్చే మధ్య విరామాల్లో బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది, పెట్రోల్ తక్కువైందని సెన్సర్ పొరబడుతుంది, కంప్యూటర్ ఇంధనం పెంచేస్తుంది. అక్కడ బాగు చేయిస్తే తేడా తెలుస్తుంది. కానీ మానిఫోల్డ్ (ఇంజిన్‌కి ఆనుకుని ఉండే మొదటి పైపుల గుత్తి) స్టడ్‌లు, వెల్డింగ్ అవసరమైన పగుళ్లు ఉన్నవాళ్లు మెకానిక్ దగ్గరికే వెళ్లడం మంచిది. కన్వర్టర్ తీసేసి ఉత్త పైపు వేయించుకోవడం చాలా దేశాల్లో చట్టవిరుద్ధం. దాని జోలికి వెళ్లవద్దు.

చదునైన గట్టి నేల, సరైన బరువు మోసే జాక్ స్టాండ్లు, చక్రాలకి అడ్డు దిమ్మలు, ఈ మూడింటిలో ఏది లేకపోయినా కారు కిందకి దూరవద్దు. జాకీ ఎత్తడానికే గానీ ఆపి ఉంచడానికి కాదు. కళ్లద్దాలు చుట్టూ మూసుకునే రకం తీసుకోండి, వెల్లకిలా పడుకుంటే తుప్పు పొడి నేరుగా కళ్లలోకే రాలుతుంది.

వెనక సైలెన్సర్ మాత్రం ఈసారి 304 స్టెయిన్‌లెస్‌ది చూస్తున్నాను. మిగతా లైన్‌ని కదిలించాల్సిన పని లేదు. ఒక్క బ్యాండ్ క్లాంపు వదులు చేసి, రెండు రబ్బర్లు తప్పిస్తే అదొక్కటే ఊడి చేతికి వస్తుంది.