కాలిపర్ మార్చకుండానే బ్రేకులు బాగుచేశారు

మా పాత స్విఫ్ట్ బ్రేక్ తొక్కితే ఎడమవైపు లాగేస్తోంది, కాసేపు నడిపాక ఆ చక్రం దగ్గర చెయ్యి పెడితే సెగ కొడుతోంది. ఒక సర్వీస్ సెంటర్‌లో విప్పకుండానే రెండు కాలిపర్లూ (బ్రేక్ ప్యాడ్లని డిస్క్‌కి అదిమే భాగాలు) కొత్తవి వెయ్యాలన్నారు. విజయవాడ ఆటోనగర్‌లో బ్రేకుల పని మాత్రమే చేసే చిన్న షాపుకి తీసుకెళ్తే మెకానిక్ మొదట విప్పి చూపించారు: కాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే స్లైడ్ పిన్ తుప్పుపట్టి బిగుసుకుపోయింది, లోపలి ప్యాడ్ రేకు దాకా అరిగిపోయింది, బయటిది ఇంకా సగం ఉంది. ప్యాడ్‌ని నెట్టే పిస్టన్‌ని తుడిచి గోరుతో గీసి చూసి, గుంటలు పడలేదు కాబట్టి సీల్ కిట్ (రబ్బరు సీళ్ల సెట్టు) మారిస్తే చాలన్నారు, పడి ఉంటే పిస్టన్ కూడా మార్చాల్సిందే.

నాకు బాగా నచ్చింది గ్రీజు విషయం. మామూలు గ్రీజు పూస్తే పిన్ దగ్గరుండే రబ్బరు ఉబ్బి పిన్ మళ్లీ పట్టేస్తుంది, ఈయన సిలికాన్ గ్రీజే వాడారు. ప్యాడ్లు రెండు చక్రాలకీ మార్చి, కొత్త డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ సీసా నా ఎదుటే తెరిచి పోసి, బ్రేక్ పైపుల్లోని గాలంతా తీశారు. ఇప్పుడు బండి తిన్నగా ఆగుతోంది.

కూర్చోడానికి చోటు లేదు, పని నిదానం, బిల్లు అడిగితేనే రాసిస్తారు. వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి. తీసేసిన పాత సామాను అడగక్కర్లేదు, ఆయనే చేతికిస్తారు.